సవానాను ఎలా కొలుస్తారు, ఎలా నమూనాగా మలుస్తారు: క్రూగర్ నుంచి నల్లమల దాకా ఒక సమగ్ర మార్గదర్శి

నేలను ఎడతెగకుండా కప్పిన గడ్డి, దాని మధ్య ఎడం ఎడంగా నిలిచిన చెట్లు: సవానాకు ఆనవాళ్లు ఇవే. భూమిమీది నేలభాగంలో దాదాపు ఐదో వంతు ఇలాంటిదే. చెట్లు చిక్కబడి గడ్డిని నీడతో చంపేసి ఇది అడవిగా ఎందుకు మారిపోదు, లేదా గడ్డిదే పైచేయి అయి చెట్లన్నీ పోయి మైదానంగా ఎందుకు మిగిలిపోదు అన్న ప్రశ్న చుట్టూనే సవానా శాస్త్రం అంతా తిరుగుతుంది. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ వనం ఈ ప్రశ్నకు ప్రపంచంలోనే అత్యంత శ్రద్ధగా జవాబు వెతికిన చోట్లలో ఒకటి. అక్కడ వాడుకలో ఉన్న పద్ధతులే ఈ వ్యాసానికి వెన్నెముక. అవసరమైన చోట కెన్యా, టాంజానియాల ప్రయోగాలనూ, చివర మన నేలనూ ప్రస్తావిస్తాను.

మొదటి మెట్టు: కొలిచేముందు ప్రశ్నను ఖాయం చేసుకోవడం

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు టేపు పట్టుకుని చెట్లు లెక్కపెట్టడంతో మొదలుపెడతారు. అది సహజమే గాని, సవానాలో చెట్ల సంఖ్య దాదాపు ఏమీ చెప్పని కొలత. ఇందుకు క్రూగరే సాక్ష్యం. 1954లో అక్కడ నాలుగు రకాల భూభాగాల్లో దహన ప్రయోగ మళ్లను ఏర్పాటు చేశారు. ఒక్కో మడి సుమారు 7 హెక్టార్లు. కొన్నింటిని ఏటా, కొన్నింటిని రెండేళ్లకోసారి, మరికొన్నింటిని మూడేళ్లకోసారి, అదీ సంవత్సరంలో వేర్వేరు నెలల్లో తగలబెడుతూ, కొన్నింటికి నిప్పే సోకకుండా కాపాడుతూ వచ్చారు. నాలుగు దశాబ్దాల తరువాత లెక్కలు సరిచూస్తే, ఏటా కాలిన మడిలోనూ అసలు కాలని మడిలోనూ చెట్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మారినది వాటి పరిమాణం. కాలిన చోట మోకాలెత్తు, నడుమెత్తు పొదలుగా మిగిలిపోయినవే కాలని చోట నిలువెత్తు మానులయ్యాయి.

దీనికి కారణం సవానా చెట్ల స్వభావంలో ఉంది. నిప్పు పైభాగాన్ని కాల్చేసినా వేరు చావదు, మరుసటి వానకు మొదలు నుంచి కొత్త చిగురు లేస్తుంది, మళ్లీ నిప్పు వచ్చి దాన్నీ కాల్చేస్తుంది. ఇలా పదేళ్లు, ఇరవయ్యేళ్లు పొదగానే ఉండిపోయిన మొక్క, ఎప్పుడో రెండు మంటల మధ్య కాస్త ఎక్కువ వ్యవధి దొరికినప్పుడు మంట అందనంత ఎత్తుకు ఎదిగి తప్పించుకుంటుంది. ఈ ఎత్తు సుమారు 3 మీటర్లని స్థూలంగా అనుకోవచ్చు. అందువల్ల మనం అడగవలసింది ఎన్ని చెట్లున్నాయని కాదు. ఏడాదికి ఎన్ని లేత చెట్లు ఆ ఎత్తును దాటుతున్నాయన్నది ప్రశ్న. గడ్డి తూకం, మంట తీవ్రత, జంతువుల మేత, నేలలో తేమ వంటి కొలతలన్నీ ఈ ఒక్క రేటును వివరించడానికే. ఈ సంగతి ముందే తేల్చుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

రెండో మెట్టు: చోట్ల ఎంపిక

క్రూగర్‌లో పడమటి సగం గ్రానైటు నేల, తూర్పు సగం బసాల్టు నేల. గ్రానైటు వైపున చిన్న మిట్టమీది నుంచి వాగులోకి దిగుతుంటేనే వృక్షజాతులు మారిపోతాయి: మిట్టమీది ఇసుక నేలలో వెడల్పాటి ఆకుల చెట్లు, పల్లంలోని బంకనేలలో సన్నని ఆకుల ముళ్లచెట్లు. నాలుగైదు వందల మీటర్ల నడకలోనే ఇంత తేడా ఉన్నప్పుడు, దారికి దగ్గరగా ఉందనో, నడవడానికి వీలుగా ఉందనో మిట్టమీదే కొలిచినవారికి ఆ ప్రాంతంలో సగమే తెలుస్తుంది. కాబట్టి మిట్ట, వాలు, పల్లం అని ముందు విభజించుకుని, ఒక్కో విభాగంలో కొలత బిందువులను యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి.

ఇక్కడ జరిగే అతి సాధారణమైన పొరపాటు వేరొకటి ఉంది. కాల్చిన మడి ఒకటి, కాల్చని మడి ఒకటి తీసుకుని, ఒక్కోదానిలో యాభై చోట్ల కొలిచి, యాభై శాంపిళ్లున్నాయని గణాంక పరీక్ష చేసేస్తారు. నిజానికి అక్కడ ఉన్నది ఒక్కో శాంపిలే. నిప్పు అనే చర్య మొత్తం మడిమీద ఒకేసారి జరిగింది కాబట్టి, లోపలి యాభై కొలతలు ఆ ఒక్క మడిని బాగా వర్ణిస్తాయే తప్ప నిప్పు ప్రభావాన్ని రుజువు చేయవు. అందుకే క్రూగర్‌లో ఒకే రకం దహన పద్ధతిని ఒక్కో భూభాగంలో పలుచోట్ల పునరావృతం చేశారు. ఆ భూభాగాల్లో వానపాతమూ ఒకటి కాదు: ప్రిటోరియస్‌కాప్ దగ్గర ఏటా సగటున 700 మిల్లీమీటర్ల పైచిలుకు, మోపాని దగ్గర 500 లోపే.

వానపాతపు తేడా ఎందుకంత ముఖ్యమో 2005లో వెలువడిన ఒక పరిశోధన స్పష్టం చేసింది. మహేశ్ శంకరన్ నాయకత్వంలో ఆఫ్రికా అంతటా 854 చోట్ల కొలతలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, ఏటా సుమారు 650 మిల్లీమీటర్ల లోపు వాన కురిసే చోట్ల చెట్ల కప్పుకు (చెట్ల గొడుగులు కప్పిన నేల శాతానికి) వాన ఒక గరిష్ఠ హద్దు గీస్తుందని తేలింది. ఆ హద్దును వారు 0.14 × వానపాతం − 14.2 అన్న గీతగా రాశారు. 500 మిల్లీమీటర్ల వాన ఉన్న చోట అది సుమారు 56 శాతం. అంటే అక్కడ ఎంత కాపాడినా చెట్ల కప్పు అంతకు మించడం దాదాపు అసాధ్యం. నిప్పు, మేత, నేల స్వభావం కలిసి దాన్ని ఇంకా చాలా కిందికి లాగవచ్చు. 650 దాటిన చోట వాన అడ్డు ఉండదు. అక్కడ సవానా సవానాగా మిగలాలంటే నిప్పో జంతువులో అడ్డుపడాలి. మీరు పనిచేసే చోటు ఈ 650 మిల్లీమీటర్ల గీతకు ఏ వైపున ఉందో తెలియకుండా నిప్పు గురించి గాని, మేత గురించి గాని సిద్ధాంతం చేయడం తొందరపాటే.

మూడో మెట్టు: గడ్డి తూకం

గడ్డే సవానాకు ఇంధనం, గడ్డే మేత. దాన్ని కొలవడానికి నమ్మకమైన పద్ధతి కోసి తూచడమే. అరమీటరు భుజంగల చదరపు చట్రాన్ని నేలమీద పెట్టి, లోపలి గడ్డిని మొదలంటా కోసి, కాగితపు సంచిలో వేసి, 60 నుంచి 70 డిగ్రీల ఓవెన్‌లో రెండు రోజులు ఆరబెట్టి తూచాలి. చట్రం వైశాల్యం పావు చదరపు మీటరు కాబట్టి గ్రాముల్లో వచ్చిన బరువును 40తో హెచ్చిస్తే హెక్టారుకు కిలోలు వస్తాయి. 85 గ్రాములు తూగితే 3,400 కిలోలన్న మాట. పచ్చి బరువును కూడా కోసిన వెంటనే అక్కడే రాసుకోవాలి. పచ్చి, ఎండు బరువుల తేడాను ఎండు బరువుతో భాగిస్తే వచ్చే తేమ శాతం లేకుండా మంట లెక్క సాగదు.

అయితే ఏడు హెక్టార్ల మడిలో కోస్తూ పోతే రోజులు పడుతుంది, పైగా కోసిన చోటు మళ్లీ కొలతకు పనికిరాదు. అందుకే పళ్లెపు కొలమానం వాడతారు. 1.5 కిలోల బరువు, సుమారు 46 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న అల్యూమినియం పళ్లెం ఒక నిలువు కడ్డీ వెంట కిందికి జారి గడ్డిమీద ఆగుతుంది, అది నేలకు ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున ఆగిందో కడ్డీమీద చదువుకోవాలి. మడి పొడవునా నడుస్తూ నూరు చోట్ల ఇలా వదిలి సగటు తీస్తారు. క్రూగర్‌కు దీర్ఘకాలం వాడిన సూత్రం ఇది: హెక్టారుకు కిలోలు = 2,260 × (సగటు ఎత్తు వర్గమూలం) − 3,019. సగటు 9 సెంటీమీటర్లయితే 6,780లో 3,019 పోగా 3,761 కిలోలు.

ఈ సూత్రంతో ఒక చిక్కుంది. ఇది కట్టినది సగటు ఎత్తుకే. ఒక చోట 4, మరొక చోట 16 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. విడివిడిగా సూత్రంలో పెట్టి తరువాత సగటు తీస్తే 1,501, 6,021ల సగటు 3,761 వస్తుంది. ముందు ఎత్తుల సగటు 10 తీసి సూత్రంలో పెడితే 4,128 వస్తుంది. ఒకే గడ్డికి హెక్టారుకు 367 కిలోల తేడా! గడ్డి ఎంత ఎగుడుదిగుడుగా ఉంటే ఈ తేడా అంత పెరుగుతుంది. వేరే ప్రాంతానికి ఈ సూత్రాన్ని అలాగే ఎత్తుకుపోకూడదు. గడ్డి జాతులు మారితే పళ్లెం కింద అణిగే తీరు మారుతుంది. కనీసం కొన్ని పదుల చోట్ల పళ్లెం వదిలిన చోటే కోసి తూచి సొంత గీత గీసుకోవాలి.

నాలుగో మెట్టు: చెట్లు, ముఖ్యంగా లేతవి

అటవీ శాఖల అలవాటు ప్రకారం చెట్టు చుట్టుకొలతను 1.3 మీటర్ల ఎత్తున తీస్తారు. మనకు కావలసిన మొక్కల్లో చాలావాటికి అంత ఎత్తే ఉండదు. కాబట్టి సవానాలో మొదలు దగ్గర, అంటే నేలనుంచి ఒక నిర్ణీత ఎత్తున వ్యాసం కొలవడం, దానితోపాటు మొత్తం ఎత్తు, ఒకదానికొకటి లంబంగా రెండు దిక్కుల్లో గొడుగు వెడల్పు రాసుకోవడం మంచిది. ఒకే వేరునుంచి పలు కాండాలు లేచినప్పుడు వ్యాసాలను కూడకూడదు. వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. 6, 8, 10 సెంటీమీటర్ల మూడు కాండాలున్న పొదకు సమాన వ్యాసం 24 కాదు, 14.1.

చెట్టును నరకకుండా బరువు అంచనా వేయడానికి 2014లో వెలువడిన ఒక సమీకరణం ఉష్ణమండలమంతటా వాడుకలో ఉంది. 58 చోట్ల నరికి తూచిన 4,004 చెట్ల ఆధారంగా దాన్ని కట్టారు. కలప సాంద్రత, వ్యాసపు వర్గం, ఎత్తు మూడింటినీ హెచ్చించి, 0.976 ఘాతానికి ఎత్తి, 0.0673తో హెచ్చిస్తే నేలమీది భాగపు ఎండు బరువు కిలోల్లో వస్తుంది. 20 సెంటీమీటర్ల వ్యాసం, 8 మీటర్ల ఎత్తు, 0.6 సాంద్రత ఉన్న చెట్టుకు ఇది సుమారు 108 కిలోలు. అయితే ఆ సమీకరణం కట్టిన చెట్లన్నీ 5 సెంటీమీటర్లకు పైబడినవి. పలుమార్లు కాలి, ఏనుగులు విరిచి, వంకర పోయిన పొదలకు దాన్ని వాడితే లెక్క తప్పుతుంది. వాటికి ఆ ప్రాంతంలోనే కొన్నింటిని కోసి తూచి వేరే గీత గీసుకోక తప్పదు.

ఇక అసలైన పని ట్యాగులు కట్టడం. ఎంచుకున్న ప్రతి లేత మొక్కకూ అంకె చెక్కిన లోహపు బిళ్లను మొదలు దగ్గర తీగతో వదులుగా బిగించాలి. ప్లాస్టిక్ ట్యాగు మొదటి మంటకే పోతుంది. బిగుతుగా కట్టిన తీగ కాండం లావెక్కాక దాన్ని కోసేస్తుంది. పక్కనే ఒక ఇనుప మేకు నేలలో దిగగొట్టి ఉంచితే, పైభాగమంతా కాలిపోయినా మరుసటి ఏడు అదే వేరునుంచి వచ్చిన చిగురును గుర్తుపట్టవచ్చు. ఏటా ఒకే కాలంలో వెళ్లి ఎత్తు, మొదలు వ్యాసం, బతికి ఉన్న కాండాల సంఖ్య, పైభాగం చచ్చిందా లేదా అన్నవి రాయాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, పరిశోధన నిధులిచ్చేవారికి ఆకర్షణీయంగానూ కనిపించదు. కానీ ఏ ఉపగ్రహమూ దీన్ని భర్తీ చేయలేదని నా అభిప్రాయం.

అయిదో మెట్టు: నిప్పు

మంట వచ్చింది, పోయింది అని రాసుకుంటే చాలదు. ఎంత తీవ్రంగా వచ్చిందన్నది మొక్క తలరాతను నిర్ణయిస్తుంది. 1959లో అగ్ని పరిశోధకుడు బైరమ్ ప్రతిపాదించిన కొలత ఇప్పటికీ ప్రామాణికమే: మంట అంచులో ఒక్కో మీటరు పొడవునా సెకనుకు విడుదలయ్యే వేడి. ఇంధనపు ఉష్ణ విలువను, చదరపు మీటరుకు కాలిన గడ్డి బరువుతోనూ, మంట ముందుకు సాగే వేగంతోనూ హెచ్చించాలి. గడ్డికి కిలోకు 16,000 కిలోజౌళ్లు, చదరపు మీటరుకు 0.4 కిలో కాలింది, మంట సెకనుకు 0.3 మీటరు చొప్పున నడిచింది అనుకుంటే, మీటరుకు 1,920 కిలోవాట్లు.

వేగం కొలవడానికి తెలిసిన దూరంలో ఇనుప కడ్డీలు పాతి, మంట ఒకదాని నుంచి మరొకదానికి చేరే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో పట్టుకోవచ్చు. ఉష్ణోగ్రతను నమోదు చేసే థర్మోకపుల్ తీగలను భూమిలో పూడ్చిన లాగర్లకు (కొలతలను దాచుకునే పరికరాలకు) కలిపితే మనిషి దగ్గర నిలబడనక్కరలేదు. మంటకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి గడ్డి తూకం తీస్తేనే నిజంగా కాలినదెంతో తెలుస్తుంది. గాలి వేగం, గాలిలో తేమ, గడ్డిలో తేమ, రోజులో ఏ సమయం అన్నవి అదే పుటలో ఉండాలి. గాలి వాలున సాగే మంటకూ, గాలికి ఎదురు నడిచే మంటకూ తీవ్రతలో ఎంతో తేడా ఉంటుంది కాబట్టి ఏ మొక్కను ఏ మంట తాకిందో గుర్తు పెట్టకపోతే ట్యాగుల శ్రమ వృథా అవుతుంది.

ఆరో మెట్టు: మేసే జంతువులు

ఇందుకు కంచె వేసి చూడటానికి మించిన పద్ధతి లేదు. కెన్యాలోని లైకిపియా ప్రాంతంలో 1995లో మొదలైన దీర్ఘకాలిక కంచె ప్రయోగంలో 4 హెక్టార్ల మళ్లు 18 ఉన్నాయి. పశువులు, అడవి శాకాహారులు, ఏనుగు, జిరాఫీ వంటి భారీ జంతువులు: వీటిని రకరకాల కూడికల్లో రానిస్తూ, ఆపుతూ ఆరు పద్ధతులను మూడేసిసార్లు పునరావృతం చేశారు. ఏనుగునూ జిరాఫీనీ మాత్రమే ఆపి, జీబ్రాలను రానిచ్చే కంచె ఎలా ఉంటుందని ఆశ్చర్యపోనక్కరలేదు. ఎత్తున కట్టిన తీగలు, వేలాడే తీగలు పెద్ద జంతువులను ఆపుతాయి, చిన్నవి కిందుగా దూరిపోతాయి.

కంచె జవాబివ్వలేని ప్రశ్నలూ ఉన్నాయి. టాంజానియాలోని సెరెంగెటిలో పశుమారి తగ్గిన తరువాత వైల్డ్‌బీస్ట్‌ల సంఖ్య 1960ల తొలినాళ్లలో రెండున్నర లక్షల నుంచి 1970ల చివరికి 13 లక్షలకు చేరింది. అవి గడ్డిని మేసేయడంతో కాలడానికి మిగిలింది తగ్గింది, మంటలు తగ్గాయి, చెట్లు పెరిగాయి. దీన్ని రుజువు చేయడానికి 2009లో పరిశోధకులు ఆకాశం నుంచి తీసిన జంతుగణన ఫోటోలు, మంటల పటాలు, చెట్ల పాత ఛాయాచిత్రాలు కలిపి, నిప్పు, ఏనుగులు, వాన, కార్బన్ డయాక్సైడ్ వంటి పోటీ కారణాలకు వేర్వేరు గణిత నమూనాలు కట్టి ఏది దత్తాంశానికి సరిపోతుందో పోల్చారు. ఒక పశువ్యాధికీ తుమ్మజాతి చెట్టుకూ మధ్య ఉన్న ఇంత పొడుగాటి లంకెను ఏ ఒక్క కొలతా విడిగా చూపించలేదు.

ఏడో మెట్టు: నీరు, వాయువులు

గడ్డి పైపొర నీటిని, చెట్లు లోతు నీటిని తాగుతాయి కాబట్టే కలిసి ఉండగలుగుతున్నాయన్నది జర్మన్ వృక్షశాస్త్రవేత్త హైన్రిఖ్ వాల్టర్ కాలం నుంచి వస్తున్న సిద్ధాంతం. దీన్ని పరీక్షించడానికి నేలలో వేర్వేరు లోతుల్లో తేమ గ్రాహకాలు పెడతారు, లేదా బరువైన హైడ్రోజన్ కలిపిన నీటిని ఒక నిర్ణీత లోతులో ఎక్కించి, అది కొద్ది రోజులకు ఏ మొక్క కాండంలో కనిపిస్తుందో చూస్తారు. క్రూగర్‌లో ఇలా చేసినప్పుడు రెండింటి వేర్లూ పైపొరలోనే ఎక్కువగా పోటీ పడుతున్నట్టు, చెట్లు కాస్త లోతుకు మొగ్గుతున్నట్టు తేలింది. పాత సిద్ధాంతం పూర్తిగా పోలేదు గాని, నమూనా అంతా దానిమీదే నిలబెట్టడం క్షేమం కాదు.

కార్బన్ రాకపోకలకు గోపురాలు కడతారు. క్రూగర్‌లోని స్కుకూజా దగ్గర 2000లో నెలకొల్పిన గోపురం వెడల్పాకుల సవానా, ముళ్లచెట్ల సవానా కలిసే హద్దున ఉంది. గాలి ఏ దిక్కునుంచి వీస్తే ఆ వైపు వృక్షాల లెక్క వస్తుంది. గాలి సుడుల నిలువు వేగాన్నీ, వాటిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ ఇలాంటి గోపురాలు సెకనుకు పదిసార్లో, ఇరవైసార్లో కొలుస్తాయి.

ఎనిమిదో మెట్టు: ఆకాశం నుంచి

ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం కనబడితే అది గడ్డిదా చెట్టుదా అన్నది మొదటి చిక్కు. వానాకాలంలో రెండూ పచ్చగానే ఉంటాయి. గడ్డి పండి పసుపెక్కిన తరువాత, చెట్లు ఆకు రాల్చకముందు దొరికే కొద్ది వారాల చిత్రాల్లో రెంటినీ విడదీయడం సులువు. సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు 10 మీటర్ల స్పష్టతతో అయిదు రోజులకోసారి ఇస్తున్న చిత్రాలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. ఇంకా సూక్ష్మమైన చిత్రాలతో ఒక్కొక్క చెట్టునూ లెక్కపెట్టడమూ సాధ్యమే: 2020లో పశ్చిమాఫ్రికాలోని సహారా, సాహేల్ ప్రాంతాల్లో 13 లక్షల చదరపు కిలోమీటర్ల మేర 180 కోట్ల చెట్లను యంత్రాభ్యాసంతో (మెషిన్ లెర్నింగ్‌తో) గుర్తించారు. కాలిన విస్తీర్ణానికి నాసా ఉపగ్రహాల్లోని మోడిస్ అనే పరికరం ఇచ్చే 500 మీటర్ల స్పష్టతగల నెలవారీ పటాలు చాలాకాలంగా ఆధారం, చిన్న చిన్న మంటలను మాత్రం అవి వదిలేస్తాయి.

చెట్టు బరువుకు రాడార్ కావాలి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహపు ఎల్-బ్యాండ్ (పొడుగు) రాడార్ తరంగాలు ఆకులను దాటి కొమ్మలను, కాండాలను తాకి తిరిగి వస్తాయి. 12 రోజులకోసారి అదే చోటును చూస్తుంది. నేల తడిసినప్పుడు కూడా సంకేతం పెరుగుతుంది కాబట్టి పొడికాలపు చిత్రాలనే పోల్చుకోవాలి.

ఒక హెచ్చరిక. మోడిస్ వారి చెట్ల కప్పు పటం 20, 30 శాతం లోపు విలువల దగ్గర నమ్మదగినది కాదు, పైగా దాన్ని తయారుచేసిన గణన పద్ధతే కొన్ని విలువలను దాటవేస్తుంది. ఆ ఖాళీలను చూసి ప్రకృతిలో అడవి, సవానా అనే రెండు స్థిరస్థితులున్నాయని తేల్చేయడం మీద పరిశోధకుల మధ్య గట్టి వాదమే నడిచింది.

తొమ్మిదో మెట్టు: నమూనా కట్టడం

సవానా నమూనాల్లో బాగా చిన్నది 2010ల మొదట్లో కార్లా స్టేవర్, సైమన్ లెవిన్ కట్టినది. దాని సారాన్ని కాగితంమీద వేసి చూపవచ్చు. నేలను మూడు వాటాలుగా భావించండి: గడ్డి, లేత చెట్లు, ముదురు చెట్లు. మూడింటి మొత్తం 1. ముదురు చెట్ల గింజలు గడ్డిలో పడి లేత చెట్లవుతాయి, లేతవి కొన్ని చస్తాయి, కొన్ని ముదురుతాయి, ముదురువి కొన్ని చస్తాయి. చచ్చినవాటి చోటు గడ్డి తీసుకుంటుంది. కీలకమంతా ముదిరే రేటులో ఉంది: గడ్డి ఒక హద్దుకు మించి ఉంటే మంట పాకుతుంది, ముదిరే రేటు పడిపోతుంది. దక్షిణాఫ్రికా ఉపఖండపు ఉపగ్రహ దత్తాంశంలో చెట్ల కప్పు సుమారు 40 శాతం దాటాక కాలే విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోతుందని తేలింది. ఇలాంటి హద్దులకు ఆధారం అదే.

వివరణ కోసం నేను ఎంచుకున్న అంకెలతో ఒక ఏడాది నడిపిద్దాం. గడ్డి 0.60, లేతవి 0.25, ముదురువి 0.15. గింజ రేటు 0.5, లేతల చావు 0.10, ముదురువాటి చావు 0.05. గడ్డి 0.50కి పైన ఉండి మంట పాకినప్పుడు ముదిరే రేటు 0.02, మంట లేనప్పుడు 0.20. కొత్తగా మొలిచేవి 0.5 × 0.60 × 0.15, అంటే 0.045. చచ్చే లేతలు 0.025, చచ్చే ముదురువి 0.0075.

మంట ఉంటే ముదిరేవి 0.005. ఏడాది చివర గడ్డి 0.5875, లేతవి 0.265, ముదురువి 0.1475. ఇక మనుషులు మంటను ఆపేశారనుకుందాం. ముదిరేవి 0.05. ఏడాది చివర గడ్డి అంతే, 0.5875. లేతవి 0.22, ముదురువి 0.1925. మొదటి ఏడు గడ్డిలో గాని, చెట్ల మొత్తంలో గాని రవ్వంత తేడా లేదు! ఎత్తు తరగతులు విడదీసి చూసినవారికే ఏదో మొదలైందని తెలుస్తుంది. ఇలాగే నడుపుతూ పోతే, మంట ఆపిన వైపు నాలుగో ఏటికి గడ్డి 0.497కు దిగి హద్దు దాటుతుంది. ఆ తరువాత నిప్పు వేసినా పాకదు. దీర్ఘకాలంలో మంట ఉన్న వ్యవస్థ గడ్డి 0.60, లేతవి 0.29, ముదురువి 0.11 దగ్గర స్థిరపడుతుంది, ఆపినది గడ్డి 0.15, లేతవి 0.17, ముదురువి 0.68 దగ్గర స్థిరపడుతుంది. వాన, నేల, జాతులు అన్నీ ఒకటే అయినా రెండు గమ్యాలు. అసలు సవానాలో ఇవి దశాబ్దాల వేగంతో నడుస్తాయి, వానా మంటా ఏటా మారుతూ ఉంటాయి గనుక, ఈ స్థిర రేట్ల బదులు ఏటికేడు యాదృచ్ఛికంగా మారే రేట్లు పెట్టి వేలసార్లు నడపాలి.

దీనికంటే పెద్ద నమూనాలు ఒక్కో చెట్టునూ విడిగా పెంచుతాయి, ఆకు స్థాయిలో కిరణజన్య సంయోగక్రియను లెక్కిస్తాయి, గాలిలో పెరుగుతున్న కార్బన్ డయాక్సైడ్ చెట్లకు ఇచ్చే అదనపు బలాన్ని కూడా చేరుస్తాయి. కాలిన మొక్క వేగంగా తిరిగి లేస్తే రెండు మంటల మధ్యే తప్పించుకోగలదు కాబట్టి ఈ చేర్పు సవానాలకు చిన్న విషయం కాదు. కానీ చిన్న నమూనాను చేతితో నడిపి అర్థం చేసుకోకుండా పెద్ద నమూనాకు వెళ్లినవారు, అది చెప్పినదాన్ని నమ్మడం తప్ప ప్రశ్నించడం నేర్చుకోరు.

పదో మెట్టు: నమూనాను పరీక్షించడం

నమూనాను ఏ దత్తాంశంతో మలిచామో దానితోనే పరీక్షించకూడదు. క్రూగర్‌లోని సటారా మళ్ల కొలతలతో రేట్లు కట్టి, ప్రిటోరియస్‌కాప్ మళ్లను ముందుగా ఊహించి, నిజమైన కొలతలతో పోల్చాలి. సంఖ్య ఒక్కటే కలిస్తే సంబరపడకూడదు. ఎత్తు తరగతుల పంపకం కలవాలి. ఆ తరువాత ఒక్కో రేటునూ కొంచెం కొంచెం మార్చి ఫలితం ఎంత ఊగుతుందో చూడాలి. దాదాపు ఎప్పుడూ లేతలు ముదిరే రేటే అందరికంటే ఎక్కువగా ఊపుతుంది, కనుక వచ్చే ఏటి ట్యాగుల డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో నమూనాయే చెబుతుంది.

శతాబ్దాల చరిత్రకు మట్టి సాక్ష్యమిస్తుంది. కార్బన్-13 అనే బరువైన కార్బన్ పాలు ప్రామాణిక విలువ కంటే వెయ్యికి ఎంత తక్కువో చూస్తే, సవానా గడ్డి విలువ సుమారు మైనస్ 12, చెట్లది సుమారు మైనస్ 27. ఒక లోతులో మట్టి విలువ మైనస్ 18 అయితే, అక్కడి కార్బన్‌లో దాదాపు 60 శాతం గడ్డినుంచి వచ్చిందని అంచనా. ఇప్పుడు దట్టమైన చెట్లున్న చోట లోతు మట్టి గడ్డిని చూపిస్తే, నమూనా ఆ మార్పును కూడా వివరించగలగాలి.

తెలుగు నేలమీద ఈ పద్ధతి

దక్కను పీఠభూమిలోని చాలా ఆకురాల్చే అడవులు, కింద ఎడతెగని గడ్డి, పైన పలుచని చెట్లు ఉన్నందున, నిజానికి సవానాలేనని జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ తదితరులు 2011లో వాదించారు. నల్లమల అంచుల్లోని పలుచని చిట్టడవులు, నంద్యాల జిల్లా రోళ్లపాడు బట్టమేక పిట్టల అభయారణ్యంలోని పచ్చికబయళ్లు ఈ దృష్టితో చూడదగ్గవి. ఇలాంటి నేలలను ప్రభుత్వ పటాల్లో బంజరు కింద చూపే అలవాటు ఉండటంతో, వాటిలో మొక్కలు నాటడమే మేలన్న భావన పాతుకుపోయింది. చెట్లు లేకపోవడం లోపమా, స్వభావమా అన్నది కొలవకుండా తేలదు.

ఆఫ్రికా సూత్రాలను ఇక్కడికి తెచ్చేటప్పుడు రెండు మార్పులు తప్పవు. ఒకటి, వాన మొత్తం ఒకటే అయినా రుతుపవనాల పంపకం వేరు కాబట్టి 650 మిల్లీమీటర్ల గీతను అలాగే వాడకూడదు. రెండోది ఇంకా ముఖ్యమైనది: ఇక్కడ లేత చెట్టును ముదరనివ్వనిది నిప్పొక్కటే కాదు. తునికాకు కోసం ఏటా వేసవికి ముందు తునికి పొదలను మొదలంటా కొడతారు, ఇప్పపూలు ఏరడానికి వీలుగా చెట్ల కింద ఆకులు కాలుస్తారు, మేకలు చిగుళ్లు తింటాయి, వంటచెరకుకు కొమ్మలు నరుకుతారు. వీటన్నింటి ఫలితం పైకి ఒకేలా, మొదలునుంచి లేచిన కొత్త చిగురుగా కనిపిస్తుంది. కారణం తెలియకుండా ముదిరే రేటును నిప్పుకు కట్టేస్తే నమూనా అంతా తప్పు దారి పడుతుంది. అందువల్ల నల్లమలలో ట్యాగులు కట్టేవారి క్షేత్ర నోటుపుస్తకంలో పైభాగం చచ్చిందా అన్న ఒక్క గడి చాలదు. కాలిందా, కొట్టారా, మేసిందా అని మూడు వేరు గడులుండాలి. మంట జరిగిన వారంలోనూ, తునికి కొట్టిన వారంలోనూ ఒకసారి వెళ్లి నింపాలి. ఏడాది తరువాత చిగురును చూసి కారణం ఊహించి రాసిన గడిని లెక్కలోకి తీసుకోకూడదు.